కళాశాలలో జర్మను విద్య: మన పిల్లలకు తగునా?

ఇంటర్మీడియెటు ముగించిన మన విద్యార్థులు పై చదువులను గూర్చి యాలోచించునపుడు ఈ ప్రాంతమున సాధారణముగా వినవచ్చు పేర్లు నాలుగే. ఇంజనీరింగు, నర్సింగు, డిగ్రీతో బి.ఎడ్., కానిచో పోలీసు ఉద్యోగపు పరీక్ష. వీనిలో దేనిని మేము తక్కువ చేయువారము కాము. ఖమ్మము మొదలుకొని భద్రాచలము అడవి వఱకు ఎన్ని కుటుంబములు ఈ నాలుగు దారులలో నొకదానివలన రెండు పూటల యన్నము తినుచున్నవో మే మెఱుగుదుము. అయితే ఇటీవల ఐదవ పేరొకటి మా చెవిని బడుచున్నది. కొందఱు బాలికలును, ఒకరిద్దఱు బాలురును హైదరాబాదునకు బోయి జర్మను భాషను, ఆ జాతి సాహిత్య సంస్కృతులను ప్రధానపాఠ్యముగా దీసికొని బి.ఏ. చదువవచ్చునా యని యడుగుచున్నారు. వారి తలిదండ్రులు వేఱొక ప్రశ్న నడుగుచున్నారు: "అయ్యా, ఆ చదువు అన్నము పెట్టునా?" రెండు ప్రశ్నలును న్యాయమైనవే. రెంటికిని సమాధానము చెప్పుట ఉపాధ్యాయుల విధి గావున ఈ సంచికలో ఆ విషయమును గూర్చి మా కు దోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును ముందే చెప్పుదుము. ఆ చదువు మన పిల్లలకు తగినదే. కాని అది యందఱికిని తగినది కాదు. దానిని గోరువారు దేనికొఱకు గోరుచున్నారో స్పష్టముగా నెఱిగి కోరవలెను. పంపు తలిదండ్రులు దేనికి పంపుచున్నారో యెఱిగి పంపవలెను. ఈ యెఱుక లేక చేరినవారు నడుమదారిలో చదువు మాని యింటికి తిరిగివచ్చుటయే గాక, తమ వెనుక రాదలచిన పిల్లలకు గూడ తలుపు మూసినవా రగుదురు.

మొదట నొక భ్రమను దొలగింపవలసి యున్నది. జర్మను నేర్చుకొనుట వేఱు. జర్మనును ప్రధానపాఠ్యముగా జదువుట వేఱు. జర్మనీకి బోయి యంత్రశాస్త్రము చదువగోరు యువకుడును, అచ్చటి ఆసుపత్రిలో పనిచేయగోరు నర్సును నేర్చుకొనునది తమ పనికి గావలసినంత భాష. భాషాజ్ఞానమును గొలుచుటకు ఐరోపాలో ఆఱు మెట్లు నిర్ణయించియున్నారు. ఏ1 యనునది మొదటి మెట్టు, సీ2 యనునది కడపటిది. నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా నాలుగవ మెట్టగు బీ2 వఱకు ఎక్కవలసియుండును. ఇట్టివారికి భాష కొడవలి వంటిది. కోత కోయుటకు పదునుగా నున్న జాలును. ప్రధానపాఠ్యముగా జదువువారికి భాష కొడవలి కాదు, పొలము. ఉచ్చారణ, వ్యాకరణము, సాహిత్యము, చరిత్ర, అనువాదము, భాషాశాస్త్రము అను వానిని సంవత్సరముల తరబడి దున్నవలెను. కథలు చదువుట యందును, పదముల పుట్టుకను వెదకుట యందును ప్రీతి లేనివారు ఆ పొలములో అడుగుపెట్టిన గాలికొన ముల్లే తగులును గాని గింజ దొరకదు.

ఇట్టి చదువునకు మన రాష్ట్రముననే యొక మంచి స్థలము గలదు. హైదరాబాదులో 1958వ సంవత్సరమున ఇంగ్లీషు బోధనాభివృద్ధికై ఒక కేంద్రసంస్థ స్థాపింపబడెను. 1972లో విదేశభాషలు గూడ దాని పరిధిలో జేర్చబడెను. 2007లో అది కేంద్ర విశ్వవిద్యాలయ మయ్యెను. ఇఫ్లూ అని విద్యార్థులు పిలుచునది ఇదియే. అచ్చట బి.ఏ. మొదలుకొని పరిశోధన వఱకు జర్మను చదువవచ్చును. బి.ఏ.లో జేరుటకు ముందుగా జర్మను వచ్చియుండవలెనను నియమము లేదు, అక్షరములనుండియే యారంభింతురు. కాని ప్రవేశపరీక్ష గలదు. దానిలో ఇంగ్లీషు జ్ఞానమును బరీక్షింతురు. కావున అడవియంచు పల్లెలోని విద్యార్థికి అడ్డు జర్మను గాదు, ఇంగ్లీషు. ఈ సంగతిని ఎనిమిదవ తరగతినాడే గ్రహించినవారు ధన్యులు. డిగ్రీ యక్కఱలేక భాషమాత్రము గావలసినవారికి హైదరాబాదుననే 2002 నుండి గోథె కేంద్రము నడుచుచున్నది.

"జర్మను మనకు పరాయి భాష గదా, దానితో మనకేమి పని?" యని పెద్దలు కొందఱు అందురు. ఈ మాటకు చరిత్ర వేఱు విధముగా బదులు చెప్పుచున్నది. తెలుగు అక్షరములు అచ్చులో మొట్టమొదట పుస్తకరూపము దాల్చినది చెన్నపురిలో గాదు, బందరులో గాదు. జర్మనీలోని హాలె నగరములో. బెంజమిన్ షుల్జె అను జర్మను మిషనరీ 1719లో తరంగంబాడికి వచ్చి, పిమ్మట చెన్నపట్టణమున నివసించి తెలుగు నేర్చుకొనెను. లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును వ్రాసెను. బైబిలును తెనిగించుటకు బూనుకొనెను. 1743లో స్వదేశమునకు మరలిపోయిన వెనుక, 1746, 1747 సంవత్సరములలో హాలెలో తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. ఆ తెలుగు నేటి మన చెవికి వింతగా నుండవచ్చును. అయినను తెలుగు మాటను తొలుత సీసపు అక్షరములలో బోసినచోటు జర్మను గడ్డ యనుట నిజము.

గుంటూరున 1842 జూలై 31వ తేదీని అడుగుపెట్టి లూథరన్ మిషనుకు పునాది వేసిన హయ్యరు దొరగారు అమెరికానుండి వచ్చినవారైనను పుట్టుట జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణమున. మన గోదావరి క్రిందనే యున్న రాజమహేంద్రవరములో 1845లో ఉత్తర జర్మనీ మిషనువారు పని ప్రారంభించిరి. తిరుపతి, గూడూరు ప్రాంతములలో హెర్మన్స్‌బర్గు మిషనువారు, జయపురము, కోరాపుట్టు సీమలో బ్రెక్లుం మిషనువారు పనిచేసిరి. వీరందఱును మన భాషను నేర్చుకొనుటకు బడిన శ్రమలో పదవ వంతయిన వారి భాష నేర్చుకొనుటకు మనము పడలేదు. వారు తమ దేశమునకు వ్రాసిన లేఖలు, నివేదికలు, దినచర్యలు నేటికిని అచ్చటి గ్రంథాలయములలో జర్మను భాషలోనే యున్నవి. వానిలో మన తాతముత్తాతల యూళ్లు, కఱవులు, పెండ్లిండ్లు, తగవులు వర్ణింపబడియున్నవి. మన చరిత్రయే యైనను మనము చదువలేము. తన యింటి దస్తావేజును చదివి పెట్టుమని పొరుగువానిని బతిమాలుకొను రైతువలె నున్నాము.

మన ప్రాంతమునకు మఱింత దగ్గఱ యైన నిదర్శన మొకటి గలదు. వియన్నా నగరమున 1909లో జన్మించిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1939లో హైదరాబాదునకు వచ్చెను. అంతకు ముందటి సంవత్సరమే జర్మనీ ఆస్ట్రియాను గలుపుకొనియుండుటచే ఆయన చేతిలో నున్నది జర్మను పాస్‌పోర్టు. ఆ సెప్టెంబరులో ద్వితీయ ప్రపంచయుద్ధ మారంభమై, ఆయన శత్రుదేశీయు డయ్యెను. అయినను నిజాము రాజ్యములో నుండి పరిశోధన సాగించుటకు అనుమతి లభించెను. ఆయన నల్లమలలో చెంచులతోడను, గోదావరి యొడ్డున పాపికొండలలో కొండరెడ్లతోడను, ఆదిలాబాదులో గోండులతోడను నివసించెను. కొండరెడ్లను గూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడినది. కలప, వెదురు కంట్రాక్టుదారుల యప్పులలో జిక్కి కొండవారు ఎట్లు వెట్టిపాలైరో ఆయన దాచక వ్రాసెను. తరువాత నిజాము ప్రభుత్వమునకు గిరిజన విషయములలో సలహాదారుగా నుండి, ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలకు దోడ్పడెను. ఆయన భార్య బెట్టీ 1987లో మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో లండనులో మరణించిన ఆయన యస్థికలు గూడ తరువాత నా గ్రామమునకే చేరినవి.

ఈ వృత్తాంతమును మేము చెప్పుట విదేశీయులను బొగడుటకు గాదు. పరభాషను, పరసంస్కృతిని శ్రద్ధతో జదువుట యనగా నేమో దీనివలన దెలియును. వియన్నాలో బుట్టినవాడు పాపికొండల వాని పోడు సేద్యమును, అప్పును, పండుగను దెలిసికొనుటకు సంవత్సరములు వెచ్చింపగలిగినపుడు, పాపికొండలలో బుట్టిన బిడ్డ వియన్నా వారి భాషను, బుద్ధిని తెలిసికొనగోరుట వింత యెట్లగును? చూపు ఒకవైపుననే సాగుట న్యాయము కాదు. ఇంతకాలము మనలను వారు చదివిరి. ఇక మనమును వారిని జదువవచ్చును.

ఇక భాష స్వభావమును గొంచెము చెప్పుదుము. జర్మను కష్టమని లోకప్రవాదము. తెలుగువానికి అది యనుకొన్నంత కష్టము గాదు. విభక్తులను వల్లించిన పిల్లలకు జర్మనులోని నాలుగు విభక్తులు భయము గొలుపవు. అనుబంధవాక్యములలో క్రియ వాక్యము చివరకు బోవును. ఇంగ్లీషువారికి తలనొప్పి యగు నీ పద్ధతి మనకు పుట్టుకతో వచ్చినదే. మన సమాసముల వలెనే పదములను ఒకదానితో నొకటి కూర్చి క్రొత్త పదములు చేయుదురు. క్రాంకెన్ యనగా రోగులు, హౌస్ యనగా ఇల్లు, క్రాంకెన్‌హౌస్ ఆసుపత్రి. హాండ్ చేయి, షూ జోడు; హాండ్‌షూ యనగా చేతితొడుగు. వ్రాసినట్లే చాలవఱకు పలుకుదురు. కష్టమంతయు లింగములో నున్నది. ప్రతి నామవాచకమును పుంలింగమో, స్త్రీలింగమో, నపుంసకమో యగును. దానికి తర్కము తఱచుగా గానరాదు. చంద్రుడు పుంలింగము, సూర్యుడు స్త్రీలింగము, బాలిక యను పదము నపుంసకలింగము! దీనికి కంఠస్థము చేయుట దప్ప వేఱు మందు లేదు. ఎక్కములు వల్లించిన ఓర్పుతో ప్రతి పదమును దాని లింగముతో గూడ నేర్చుకొనవలెను.

భాష తలుపు మాత్రమే. లోపల నున్న యిల్లు చూడదగినది. మార్టిన్ లూథరు వార్ట్‌బర్గు కోటలో దాగియున్నపుడు క్రొత్తనిబంధనను జర్మనులోనికి మార్చెను. అది 1522లో అచ్చయ్యెను. సంపూర్ణ బైబిలు 1534లో వెలువడెను. ఇంటిలోని తల్లి, వీథిలోని పిల్లలు, అంగడిలోని సామాన్యుడు ఎట్లు మాటలాడుదురో విని తెనిగించినట్లుగా — వారి మాటలో చెప్పవలెనన్న జర్మనించినట్లుగా — తన పద్ధతిని 1530లో నాయన వివరించెను. అంగడి భాష గౌరవమైనదని యొక విద్వాంసుడు నమ్ముటచే ఒక జాతి సాహిత్యభాష స్థిరపడినది.

గ్రిమ్ సోదరుల కథ యింకను నెంచదగినది. యాకోబు గ్రిమ్, విల్‌హెల్మ్ గ్రిమ్ అను నీ యన్నదమ్ములు ఇండ్లలో జెప్పుకొను కథలను సేకరించి 1812లో మొదటి సంపుటమును, 1815లో రెండవ సంపుటమును బ్రకటించిరి. వారికి అనేక కథలు చెప్పినది డొరొథియా వీమన్ అను దర్జీవాని భార్య. తోటలో పండిన కాయగూరలను కాసెల్ నగరమునకు దెచ్చి యమ్ముకొనునామె. 1837లో రాజు రాజ్యాంగమును రద్దుచేయగా, తప్పని చెప్పిన యేడుగురు ఆచార్యులలో ఈ సోదరులుండిరి; ఉద్యోగములు పోయెను. ఉద్యోగము లేని యా దినములలో, 1838లో, జర్మను మహానిఘంటువునకు బూనుకొనిరి. యాకోబు 1863లో మరణించునాటికి "పండు" అను నర్థముగల పదము కడ కలము నిలిచినది. తరువాతి తరములవారు ఆ పనిని విడువక 1961లో ముగించిరి. ముప్పది రెండు సంపుటములు; నూట యిరువది మూడు సంవత్సరములు. ఒక భాషను ప్రేమించుట యన నిట్టిది.

అయినను జర్మను సంస్కృతిని జదువువారు వెలుగును మాత్రమే చూచి చీకటిని చూడకున్న ఆ చదువు వ్యర్థము. గోథె నివసించిన వైమారు పట్టణమునకు కొలది మైళ్ల దూరములోని కొండమీద 1937లో బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరము వెలసెను. 1933లో అధికారమునకు వచ్చిన నాజీలు యుద్ధము ముగియునాటికి అఱువది లక్షల యూదులను హతమార్చిరి. హంతకులలో విద్యావంతులు లేకపోలేదు. సంగీతము విని, కావ్యములు చదివినవారును గలరు. సంస్కారము దానంతట నది మనుష్యుని మంచివానిగా జేయదని దీనికంటె స్పష్టమైన పాఠము చరిత్రలో లేదు. సంఘములలో ననేకులు మౌనము వహించిరి. కొందఱు నాజీలను పొగడిరి గూడ. మౌనము వహింపనివారిలో డీట్రిక్ బోన్‌హోఫర్ అను బోధకుడు 1945 ఏప్రిల్ 9వ తేదీని ఉరితీయబడెను. యుద్ధానంతరము ఆ జాతి తన నేరమును తన పాఠ్యపుస్తకములలోనే వ్రాసికొని తన పిల్లలకు నేర్పుచున్నది. ఈ రెండును జదువవలెను: నేరమును, నేరమును ఒప్పుకొనుటయును. కులమును బట్టియు, మతమును బట్టియు పొరుగువానిని ద్వేషించుట యే దేశమునకును క్రొత్త గాదు గనుక, మన పిల్లలకు ఈ పాఠము మిక్కిలి యవసరము.

ఇప్పుడు అన్నపు ప్రశ్నకు వత్తుము. దానిని దాటవేయుట న్యాయము గాదు. తునికాకు కోసి, కూలిచేసి బిడ్డను చదివించు తండ్రికి గోథెను గూర్చి ఉపన్యసించిన ప్రయోజనము లేదు. నిజము చెప్పవలెను. జర్మనులో బి.ఏ. మాత్రమే చేసినవారికి ఉద్యోగము తలుపు తట్టి రాదు. ఎం.ఏ. చేసి భాషలో ఐదవ మెట్టు వఱకైన జేరినవారికి అధ్యాపకవృత్తి, అనువాదము, హైదరాబాదులోని జర్మను కంపెనీల కార్యాలయములలో పని, విదేశములకు బోవు నర్సులకును విద్యార్థులకును భాష నేర్పు పని గలవు. ఈ కడపటి పనికి నేడు గిరాకి యెక్కువ. 2024 అక్టోబరులో జర్మనీ ప్రభుత్వము భారతీయ నిపుణులకు సంవత్సరమున కిచ్చు వీసాలను 20,000 నుండి 90,000కు పెంచుటకు నిర్ణయించినది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ యగు టాంకాం నర్సులకు జర్మను నేర్పించి ఆ దేశమునకు బంపుచున్నది. 2023-24 శీతకాలములో జర్మనీ విశ్వవిద్యాలయములలో సుమారు 49,000 మంది భారతీయ విద్యార్థులుండిరి. ఇందఱికి భాష నేర్పుటకు ఉపాధ్యాయులు గావలెను గదా.

అయితే గిరాకి గాలివంటిది. 2011లో కేంద్రీయ విద్యాలయములలో జర్మను మూడవ భాషగా బ్రవేశపెట్టబడెను. 2014 నవంబరులో నా స్థానమును సంస్కృతమున కిచ్చిరి. నడుమ సంవత్సరములో, వేలకొలది పిల్లల పుస్తకములు మాఱిపోయెను. నేడు వీచు గాలి రేపు వీచునని నమ్మి, కేవలము ఉద్యోగాశతో ఈ చదువులో జేరవద్దని మా హితవు. భాషమీద ప్రేమయుండి, దానికి తోడుగా ఉపాధ్యాయ శిక్షణమో, అనువాద శిక్షణమో పొందువారు నిలువగలరు.

మఱియొక హెచ్చరిక. దూరపు కొండలు నునుపు. జర్మనీలో చదువు ఉచితమని చెప్పి ఊళ్లలో డబ్బు వసూలు చేయు దళారులున్నారు. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవఱకు బోధనారుసుము లేదనుట నిజమే. బాడెన్ వుర్టెంబర్గు రాష్ట్రములోనైతే ఐరోపా సమాజమునకు వెలుపలివారు ఆఱు నెలలకు 1,500 యూరోలు చెల్లింపవలెను. కాని రుసుము లేకున్నను భోజనము ఉచితము గాదు. వీసా కోరు విద్యార్థి ఒక సంవత్సరపు జీవనవ్యయమును ముందుగనే ప్రత్యేక ఖాతాలో జూపవలెను. 2024 సెప్టెంబరు నుండి యా మొత్తము 11,904 యూరోలు, అనగా పది లక్షల రూపాయలకు పైమాట. ఈ లెక్క చెప్పక "అంతయు ఉచితము" అనువానికి రూపాయి యైన నీయవద్దు. పొలము తాకట్టు పెట్టవద్దు. జర్మను చదువుటకు జర్మనీకి బోనక్కఱలేదు. హైదరాబాదు చాలును.

"ఆడపిల్లను మూడు వందల కిలోమీటర్ల దూరము ఒంటరిగా ఎట్లు పంపుదుము?" అను తల్లులకు మా మనవి యొకటే. నర్సింగునకు పంపుచున్నారు, అంతకంటె దూరము గూడ పంపుచున్నారు. దూరమునకు భయపడుట లేదు, క్రొత్త పేరునకు భయపడుచున్నారు. ఒకసారి యా విశ్వవిద్యాలయమునకు బోయి, వసతిగృహమును చూచి, అచ్చట చదువుచున్న బాలికలతో మాటలాడి నిర్ణయింపుడు. చూడక పంపుటయు తప్పు. చూడక మానిపించుటయు తప్పే.

కడపటి మాట యన్నిటికంటె ముఖ్యము. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. మన విద్యార్థులలో ననేకుల యింటిభాష కోయ. అది తెలుగుతోడి ద్రావిడకుటుంబములోనిదే. గోండికి మిక్కిలి దగ్గఱిది. ఈ పిల్లలు బడికి వచ్చి తెలుగు నేర్చి, ఇంగ్లీషు నేర్చి, ఇంటిభాషను మాటలాడుటకు సిగ్గుపడుచున్నారు. దుమ్ముగూడెములో నుండిన మిషనరీ జాన్ కెయిను దొరగారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కోయల యాచారములను గూర్చి వ్రాసెను. పిమ్మట హైమన్‌డార్ఫ్ కొండరెడ్లను గూర్చి వ్రాసెను. ఆ కొండరెడ్ల యూళ్లలో గొన్ని నేడు పోలవరము జలాశయపు ముంపులో నున్నవి. 2014లో ముంపు మండలములు ఆంధ్రప్రదేశములో గలుపబడెను. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరము, వరరామచంద్రాపురము సీమలలోని కుటుంబములు ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు జేరుచున్నవి. ఇల్లు పోయిన పరిహారము దొరకవచ్చును. ఒక్కచోట గుమిగూడి చెప్పుకొనిన కథ, ఆ కొండకు, ఆ వాగుకు పెట్టుకొనిన పేరు పోయిన పరిహార మెక్కడిది?

ఇచ్చటనే జర్మను చదువునకును మన యడవికిని సంబంధము గలుగుచున్నది. జర్మను సాహిత్యమును శ్రద్ధగా జదివిన విద్యార్థి, ఒక దర్జీవాని భార్య చెప్పిన కథ ప్రపంచసాహిత్యమైన తీరును దెలిసికొనును. మాండలికమును గౌరవింప నేర్చును. పదమును వినుట, వ్రాసికొనుట, వర్గీకరించుట అను శాస్త్రమును నేర్చును. ఆ బుద్ధితో సెలవులకు ఇంటికి వచ్చి తన యమ్మమ్మ ప్రక్కన గూర్చుండి కోయకథ నొకదానిని వ్రాసికొనెనేని, అది యే పరీక్షలోని మార్కులకంటెను గొప్పది. వియన్నా పండితుడు దుబాసి సాయముతో గ్రహించినదానిని ఈ బిడ్డ తల్లిపాలతో గ్రహించియున్నది. కొఱతగా నున్నది శిక్షణ మొక్కటే. పరభాషను జదివి స్వభాషను మఱచినవాడు రెండిండ్ల చుట్టమై యుపవాసముండును. పరభాషను జదివి స్వభాషను నిలిపినవాడు రెండిండ్లకును దీపము పెట్టును.

కావున విద్యార్థులారా, మీరు జర్మను చదువదలచితిరేని మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇంగ్లీషులో నొక పుటను నిఘంటువు చూడకయే చదువగలనా? పరీక్ష లేకున్నను కథల పుస్తకమును జదువుదునా? నా యింటిభాషను సిగ్గుపడక మాటలాడుదునా? మూడింటికిని అవునన్న వెనుదీయకుడు. మొదటిదానికి కాదన్న నేటినుండి యభ్యసింపుడు. రెండవదానికి కాదన్న వేఱు చదువు చూచుకొనుడు. దానిలో నవమాన మేమియు లేదు. మూడవదానికి కాదన్న ముందు ఇంటికి బోయి మీ యవ్వతో మాటలాడుడు.

తలిదండ్రులారా, బిడ్డ క్రొత్తదారి పేరు చెప్పగానే కోపింపక లెక్కలడుగుడు. లెక్క చెప్పగలిగిన బిడ్డను నమ్ముడు. మిషను పెద్దలకు మా విన్నపము చిన్నది. మన గ్రంథాలయములో నొక యరను అన్యదేశ సాహిత్యమునకును, దాని ప్రక్కనే మఱియొక యరను మన విద్యార్థులు వ్రాసి తెచ్చు కోయ, కొండరెడ్ల కథలకును కేటాయింపుడు. మొదటి యర కొన్ని వందల రూపాయలతో నిండును. రెండవది నిండుటకు డబ్బు అక్కఱలేదు. ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు నొక్క కథ తెచ్చిన జాలును. బడి తెఱచునాటికి ఆ కథలను మేము ఎదురుచూచుచుందుము.